రాగిచార

రెండో కీమో అయిన పదహారో రోజున మంగతాయారు తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చింది. మళ్లీ దువ్వింది. మళ్లీ అంతే వచ్చింది. ఆమె దువ్వెన పక్కన పెట్టి, చీర మార్చుకుని, కాకినాడ భానుగుడి దగ్గరున్న తన లేడీస్ పార్లర్‌కి వెళ్లింది. అద్దం ముందు నిలబడి మిషన్‌తో నుదుటి నుంచి మెడదాకా మొత్తం తీసేసుకుంది.

ఆమె భర్త సూరిబాబు ఆర్టీసీ డిపోలో మెకానిక్. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె తల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రాలేదాకా ఆగొచ్చు కదే?"

"ఎందుకండీ? అది తీసుకెళ్లేలోపు నేనే తీసేసేను."

ఆ మాట అన్నంత తేలిగ్గా మాత్రం రోజులు గడవలేదు. ఆరు కీమోలు, ఒక ఆపరేషన్. తలకి గుడ్డ కట్టుకుని పార్లర్ తెరిస్తే, జుట్టు లేని మనిషి చేత జుట్టు దిద్దించుకోవడానికి కొందరు జంకేవారు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో ఎంతోమంది తలలు ఆమె చేతిలో పడ్డాయి. ఎవరి జుట్టు పొడిబారుతుందో, ఎవరికి రక్తం తక్కువో, ఎవరు కొత్తగా తల్లి కాబోతున్నారో వెంట్రుక పట్టుకుంటే ఆమెకు సగం తెలిసిపోయేది. ఇప్పుడు తన తలే నున్నగా ఉంది.

వైద్యం అయిన రెండు నెలలకు ఆసుపత్రి నర్సు ఒక సంగతి చెప్పింది. సామర్లకోట రోడ్డులో జీవాంకుర్ అనే కంపెనీ పరిశోధన కేంద్రం ఉందట. కీమో చేయించుకున్న ఆడవాళ్లకి జుట్టు త్వరగా వచ్చే మందు పరీక్షిస్తున్నారట. నలభై మందిని తీసుకుంటున్నారు. తాయారు మర్నాడే వెళ్లింది.

అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ హైమవతికి ముప్పై ఆరేళ్లుంటాయి. మెత్తగా మాట్లాడుతుంది. ఆమె తాయారు మాడు మీద ఒక చిన్న కెమెరా పెట్టి, ఎదుట తెర మీద చూపించింది. చంద్రుడి మీద గుంతల్లా కనిపించాయి.

"ఇవి మీ కుదుళ్లు. చచ్చిపోలేదండీ, నిద్రపోతున్నాయి. కీమో మందు త్వరగా పెరిగే కణాల్ని కొడుతుంది. జబ్బు కణాలతో పాటు వీటికీ దెబ్బ తగిలింది. వాటంతట అవే లేస్తాయి గానీ నెలకో సెంటీమీటరు పెరుగుతాయి. మేం వీటిని గట్టిగా పిలిచి లేపుతున్నాం."

"ఎంత గట్టిగా?"

"మూడింతలు. రోజుకి ఒక మిల్లీమీటరు."

తాయారు నవ్వింది. "అయితే స్కేలు పెట్టి కొలుచుకోవచ్చన్నమాట!"

ఆ మందు పేరు అంకురం. నీళ్లలా ఉండే ద్రవం, పొద్దున్నే పది చుక్కలు. పదకొండో రోజుకి తాయారు తల మీద నల్లటి నీడ పడింది. నెల తిరిగేసరికి వేళ్ల మధ్య దొరికేంత జుట్టు వచ్చింది. కీమో తర్వాత చాలామందికి వచ్చినట్టే ఆమెకూ ఉంగరాలు తిరిగింది. సూరిబాబు ఆ ఉంగరాల మీద చెయ్యి వేసి నిమిరి డిపోకి వెళ్లిపోయాడు.

మూడు వారాలకోసారి మంగళవారం నాడు నలభై మంది ఆడవాళ్లూ పరీక్షకి వచ్చేవారు. వెయిటింగ్ హాల్లో ఊరికే కూర్చోవడం తాయారు వల్ల కాలేదు. సంచిలో పళ్లు దూరంగా ఉండే దువ్వెనలు, కత్తెర, మెత్తటి బ్రష్షు తెచ్చుకుని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టేది.

"వేణ్నీళ్లు పొయ్యకండి. పసిపిల్ల తల అనుకోండి. రంగు వెయ్యొద్దు, ఆరబెట్టే మిషన్ వద్దు. గట్టిగా జడ లాగొద్దు. దిండుకి జారుడు గుడ్డ వేసుకోండి, రాపిడి ఉండదు."

అలా చివర్లు దిద్దుతూ ఉండగా ఆమెకు విజయగౌరి దగ్గరైంది. పిఠాపురం హైస్కూల్లో లెక్కల టీచరు. యాభై ఒకటి దాటాయి. మాట కటువు, మనసు మెత్తన. తాయారు రోజూ స్కేలుతో తీసే కొలతలు విని, "నీ జుట్టు నీ తల మీదే డైరీ రాస్తోంది చూడు, రోజుకో గీత" అని నవ్వేది.

నాలుగో నెలలో అలాంటి ఒక డైరీలో మొదటి వింత కనిపించింది. తునినుంచి వచ్చే సత్యవేణి జుట్టు కుదుళ్ల దగ్గర రంగు మారింది. తెలుపు కాదు, గోరింట ఎరుపు కాదు. కొత్తగా తోమిన రాగి చెంబు రంగు. తల చుట్టూ ఓ చార గీసినట్టు. ఆ తర్వాత ఇంకో ఆవిడకీ అలాగే వచ్చింది. హైమవతి ఇద్దరి జుట్టూ కాస్త కాస్త కత్తిరించి దాచింది.

"రంగు తయారయ్యే చోట చిన్న లోపం. సరిచేస్తాం" అంది.

రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇద్దరూ మంగళవారాలకి రావడం మానేశారు. ఇద్దరికీ జబ్బు తిరగబెట్టింది. సత్యవేణి మళ్లీ కీమోకి వెళ్లబోతుంటే తాయారే తుని వెళ్లి, రాలేలోపు జుట్టు కత్తిరించి జడగా కట్టి ఆమె చేతిలో పెట్టింది. కట్టేముందు అలవాటుగా స్కేలు పెట్టింది. చార మొదలైన చోటునుంచి కుదురుదాకా డెబ్బై మూడు మిల్లీమీటర్లు. స్కాన్‌లో జబ్బు కనిపించి అప్పటికి పన్నెండు రోజులైంది.

తిన్నగా హైమవతి దగ్గరకే వెళ్లింది. "మేడంగారూ, స్కానుకంటే అరవై రోజుల ముందు ఆ చార వచ్చిందండి. రెండో ఆవిడక్కూడా అంతే, ఫోన్లో కనుక్కున్నాను. జుట్టుకి ముందే తెలిసిందంటారా?"

హైమవతి ఆ అంకెలు కాగితం మీద వేసి చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "ఇద్దరితో లెక్క తేలదండీ. యాదృచ్ఛికం కావచ్చు."

ఆ మాట అప్పటికి తాయారు నమ్మింది. చదువుకున్న మనిషి కదా అనుకుంది.

ఏడో నెలలో విజయగౌరికి చార వచ్చింది. రాజమండ్రి దగ్గర కడియం నుంచి వచ్చే నూర్జహాన్‌కీ, మరొకావిడకీ కూడా. విజయగౌరి స్కాన్ చేయించుకుంటే ఏమీ లేదన్నారు. ఆ నెలాఖరున పదకొండు మందికి కొత్త సీసాలు ఇచ్చారు. లేబుల్ పాతదే. తాయారుకి మాత్రం పాత సీసాయే వచ్చింది. మూడు వారాల తర్వాత విజయగౌరి హాల్లోకి వస్తూనే పాపిడి తీసి చూపించింది. రాగి చార పైకి జరిగింది. దాని కింద నిగనిగలాడే నలుపు.

"పోయింది చూశావా? నేనే కంగారుపడ్డాను."

తాయారు సంతోషించింది. మిగిలిన ఇద్దరికీ కూడా చార ఆగిపోయిందని విని ఇంకా సంతోషించింది.

కొత్త సీసా చేతికొచ్చాక తొంభై రోజులపాటు విజయగౌరి నల్లటి జుట్టుతో బడికి వెళ్లింది. నడుము నొప్పిని బెంచీల మధ్య నిలబడడం వల్ల అనుకుంది. చివరికి బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలబడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెన్నెముకలోనూ కాలేయంలోనూ జబ్బు వ్యాపించి ఉంది.

ఆ కబురు విన్న మర్నాడు తాయారు పరిశోధన కేంద్రానికి వెళ్లింది. ఆ రోజు మంగళవారం కాదు. హైమవతి లోపల గాజు పలకలు సర్దుతోంది.

"టీచరుగారికి చార ఎందుకు ఆగింది?"

హైమవతి ఇంకో గాజు పలక చేతిలోకి తీసుకుంది.

"మిమ్మల్నే అడుగుతున్నానండి. జబ్బు పెరుగుతా ఉంటే చార ఎందుకు ఆగింది?"

హైమవతి గాజు పలక కింద పెట్టింది. "కొత్త సీసాలో మందు వేరు. రంగు లోపం కనబడకుండా సరిచేసి ఇమ్మని పైవాళ్లు చెప్పారు. నేనే కలిపాను. లోపమే అనుకున్నానండీ, నిజంగా."

"లేబుల్ మార్చలేదేం?"

"మార్చాలన్నాను. ఫలితం తేలాక చూద్దాం అన్నారు."

"మాకు చెప్పాలి కదా!"

"చెప్పాలి."

ఆ ఒక్క మాట అన్నాక హైమవతి ఇంకేమీ దాచలేదు. ఆ రోజంతా ఇద్దరూ కూర్చుని నలభై మంది ఫైళ్లూ తీశారు. ఒకామె అంకెలు చదివితే రెండో ఆమె రాసింది. చార వచ్చినవాళ్లు మొత్తం ఐదుగురు. అందులో ముగ్గురికి జబ్బు తిరగబెట్టినట్టు తేలింది. మిగిలిన ఇద్దరికి ఇంకా పరీక్షే జరగలేదు. చార రాని ముప్పై అయిదు మందిలో ఎవరికీ జబ్బు లేదు. మందుతో మేల్కొన్న కుదుళ్లు అతిగా మేల్కొన్నాయి. జబ్బు కణాలు రక్తంలోకి వదిలే పదార్థం చిటికెడు తగిలినా రంగు మార్చుకుంటున్నాయి. ఏ యంత్రానికీ అందనంత తక్కువ మోతాదుని అవి పట్టేస్తున్నాయి.

హైమవతి ఆ కాగితాలు పట్టుకుని కంపెనీ డైరెక్టరు భార్గవ దగ్గరకి వెళ్లింది. తాయారు వెంట వెళ్లింది, ఎవరూ పిలవకపోయినా.

భార్గవ ఓపిగ్గానే విన్నాడు. చెడ్డవాడిలా కనిపించలేదు. "అమ్మా, మేం తయారుచేసేది జుట్టు మందు. అద్దంలో చూసుకుని సంతోషపడడానికి కొనుక్కుంటారు. జబ్బు తిరిగొచ్చిందని ఊరంతటికీ చాటే జుట్టు ఎవరికి కావాలి? మీరే చెప్పండి, ఆ చారతో ఏ ఆడమనిషి వీధిలోకి వస్తుంది?"

"నేను వస్తాను" అంది తాయారు.

"మీరొక్కరు."

"దాచిన శాంపిల్స్ పరీక్షిస్తే మొత్తం తేలిపోతుంది సార్" అంది హైమవతి.

"ఆ ఫ్రీజరు పాడైంది. శాంపిల్స్ పారేశారు" అన్నాడు భార్గవ. నిన్న మధ్యాహ్నం బాగానే నడుస్తున్న ఆ ఫ్రీజరు తలుపు హైమవతే మూసింది.

మర్నాడు పొద్దున్న తాయారు పది చుక్కలు వేసుకోబోతూ అద్దం దగ్గరగా వంగింది. పాపిడి పొడవునా, మూడు మిల్లీమీటర్ల మేర, రాగి రంగు.

ఆమె సీసా మూత బిగించింది. తర్వాత స్టూలు మీద కూర్చుని సూరిబాబుని పిలిచింది. అతను వచ్చి చూశాడు. చూసి, పార్లర్ సామాన్ల డబ్బాలోంచి రంగు ప్యాకెట్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"వేసేసుకో తాయారూ. నాకు కనపడకుండా చెయ్యి. నేను చూళ్లేను."

ఆమెకు కోపం రాలేదు. పాతికేళ్ల కాపురంలో ఆ మనిషి ఇంత భయపడడం ఆమె చూడలేదు.

"నలుపు వేస్తే మీకు కనపడదు. జబ్బుకి మనం కనపడకుండా పోముగా?" అంది. "బండి తియ్యండి. స్కానుకి వెళ్దాం."

మామూలు స్కానులో ఏమీ లేదన్నారు. తాయారు కదల్లేదు. హైమవతి ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడితే పెద్ద పరీక్ష రాశారు. రెండు రోజులకి ఫలితం వచ్చింది. చంక దగ్గర ఒక గ్రంథిలో మిరియపు గింజంత గడ్డ. డాక్టరు ఫిల్ము రెండుసార్లు చూసి, "ఇంత చిన్నగా ఉన్నప్పుడు నా సర్వీసులో ఎప్పుడూ పట్టుకోలేదు" అన్నాడు. నయం చేయొచ్చన్నాడు.

బయటికి వచ్చాక సూరిబాబు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. తలెత్తి, "టీచరుగారికి కూడా ఇలాగే దొరికేదేమో" అన్నాడు.

"దొరికేది. దొరక్కుండా చేసేరు."

హైమవతి తన పేరు మీద ఎథిక్స్ కమిటీకి ఫిర్యాదు రాసింది. ప్రయోగాల్లో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం అది. అందులో కంపెనీ మనుషులు ఉండరు. మొదటి వాక్యంలోనే, రెండో మందు కలిపింది తానేనని రాసింది. ఆ సాయంత్రమే కంపెనీ ఆమెను గేటు బయట నిలబెట్టింది. కమిటీ గురువారం విచారణ పెట్టింది.

తాయారు ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరికీ చేసింది. అందరూ ఒకేలా మాట్లాడలేదు. కొందరు ఏడ్చారు, ఇద్దరు ఫోన్ పెట్టేశారు. నూర్జహాన్ మాత్రం ఒప్పుకోలేదు.

"నాకు తెలియక్కర్లేదు తాయారక్కా. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు నవ్వుతా ఉండాలనుకున్నాను. నల్లగా వస్తే సంబరపడ్డాను. ఇప్పుడు నువ్వొచ్చి లెక్కలు చెప్తున్నావు."

"సరేలే నూరూ. రావద్దులే" అంది తాయారు.

గురువారం పదిన్నరకి కమిటీ హాల్లో ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. అధ్యక్షురాలు రిటైరైన పెద్ద డాక్టరు. భార్గవ క్లుప్తంగా చెప్పాడు. "మందులో చిన్న రంగు సవరణ మాత్రమే చేశాం. శాంపిల్స్ దురదృష్టవశాత్తూ పాడైపోయాయి. ఉద్యోగం పోయిన ఒక శాస్త్రవేత్త, స్కేలు పట్టుకున్న ఒక పార్లర్ ఆవిడ చెప్పే మాటల మీద ఇంత పరిశోధన ఆపేస్తారా?"

తాయారు లేచింది. "మీ ఫ్రీజర్లో పోయినియ్యి మా తలల మీద ఉన్నాయండి."

ఆమె తలకి కట్టిన గుడ్డ విప్పింది. వెనక కుర్చీల్లో ఉన్న ఇరవై ముగ్గురు ఆడవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు ముసుగులు తీశారు. సత్యవేణి బోడితలతో వచ్చింది. ఒళ్లో గుడ్డ మూట విప్పి కత్తిరించిన తన జడని బల్ల మీద పెట్టింది. విజయగౌరిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. సోమవారం మొదలుకావాల్సిన కీమోని డాక్టరుతో మాట్లాడి శుక్రవారానికి మార్పించుకుంది. కీమో నీరసంతో విచారణకి రాలేకపోతానేమోనని.

"కొలవండి" అంది విజయగౌరి. "రోజుకి ఒక మిల్లీమీటరు. మూడో తరగతి పిల్లాడు చేసే లెక్క."

అధ్యక్షురాలు స్వయంగా వచ్చి కొలిచింది. విజయగౌరి తలలో రాగి చార, దాని కింద అకస్మాత్తుగా కత్తితో కోసినట్టు నలుపు. నలుపు పొడవు నూట నాలుగు మిల్లీమీటర్లు. కొత్త సీసాలిచ్చి సరిగ్గా అన్ని రోజులే. చార వచ్చాక కొత్త సీసా తీసుకున్న ఇంకో ఆవిడ తలలోనూ నూట నాలుగే.

"ఇద్దరికీ జబ్బు ఒకే రోజు తగ్గిందాండీ?" అని అడిగింది తాయారు.

"ఇద్దరి విషయంలో యాదృచ్ఛికం కావచ్చు" అన్నాడు భార్గవ.

ఆ మాట విని హైమవతి తల దించుకుంది. అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. నూర్జహాన్ వచ్చింది, బస్సు దిగి పరుగున వచ్చినట్టుంది. నేరుగా బల్ల దగ్గరకి నడిచి, దుపట్టా వెనక్కి తోసి, తల వంచింది.

"నాది కూడా కొలవండి."

నూట నాలుగు.

నూర్జహాన్ తలెత్తి భార్గవని చూసింది. "నాకు తెలియొద్దనే అనుకున్నానండి. ఇప్పటికీ అదే అంటాను. కానీ అది నేను అనుకోవాలి. మీరు కాదు."

విచారణ ఆ గంటతో అయిపోలేదు. ఫైళ్లు అడిగారు, సీసాలు స్వాధీనం చేసుకున్నారు. గిడ్డంగి వెనక గదిలో, పాడైందన్న ఫ్రీజరు చల్లగా నడుస్తూ దొరికింది. శాంపిల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. భార్గవ మీద కేసు నడిచింది. హైమవతికి కూడా శిక్ష తప్పలేదు, రెండేళ్లు సొంతంగా ప్రయోగాలు చేయకూడదన్నారు. ఆమె దానిమీద అప్పీలు చేయలేదు. పాత అంకురాన్ని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల తీసుకుంది. అక్కడ ఆమె ఇంకొకరి కింద పనికి చేరింది.

నూర్జహాన్‌కి పరీక్షలో రొమ్ము దగ్గర చిన్న మచ్చ దొరికింది, తీసేశారు. విజయగౌరికి కీమో కొన్ని నెలలే పనిచేసింది. శ్రావణమాసంలో పోయింది. పోయేముందు తాయారు పక్కన కూర్చుని ఆమె తలకి కొబ్బరినూనె రాస్తుంటే, "నా లెక్క తప్పలేదుగా?" అని అడిగింది. "మిల్లీమీటరు కూడా తప్పలేదు టీచరుగారూ" అంది తాయారు. ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి, సూరిబాబు ఎంత బతిమాలినా ఆపకుండా ఏడ్చింది.

కార్తీకంలో కళాశాలలో కొత్త ప్రయోగం మొదలైంది. మొదటి రోజు పదహారు మంది వచ్చారు. బల్ల మీద రెండు రకాల సీసాలు పెట్టారు. ఒకదాని లేబుల్ రాగి రంగు, ఇంకొకటి నలుపు. కీమో అయినవాళ్లతో మాట్లాడ్డానికి తాయారుని పిలిచారు. ఆమెకు రెండోసారి వైద్యం ఇంకా పూర్తికాలేదు. తల నున్నగా ఉంది. గుడ్డ కట్టుకోలేదు. సిటీ బస్సులో అలాగే వచ్చింది.

ఆమె పక్కన నూర్జహాన్ కూర్చుంది. నూర్జహాన్ ఎంచుకున్నది నల్ల సీసా. మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటానని సంతకం పెట్టి మరీ తీసుకుంది. ఆ సీసా అందించింది తాయారే.

వరుసలో నాలుగో అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోందట. టోపీ కిందకి లాక్కుంటూ అడిగింది.

"ఆంటీ, రెండింట్లో ఏది మంచిది?"

"అది నేను చెప్పనమ్మా. ఏది ఏం చేస్తాదో మాత్రం మొత్తం చెప్తాను. ఈ రాగిది జబ్బు తిరిగొస్తే జుట్టులో చూపిస్తాది, నలుగురికీ కనపడతాది. ఆ నల్లది చూపించదు. రెండూ జుట్టు తెప్పిస్తాయి."

"మీరైతే?"

"నాది నాకు తెలుసు. నీది నువ్వు ఆలోచించుకో."

అమ్మాయి రెండు సీసాలూ చేతిలోకి తీసుకుంది. వెనక నిలబడ్డ కళాశాల ఉద్యోగి గడియారం చూసుకుంటూ, "కాస్త త్వరగా అమ్మా, ఇంకా పన్నెండు మంది ఉన్నారు" అన్నాడు.

తాయారు అతని వైపు తిరిగింది. "ఉండండి. చదువుకోనివ్వండి."

తర్వాత పక్కనున్న కుర్చీ లాగి అమ్మాయిని కూర్చోబెట్టింది. అమ్మాయి మొదటి లేబుల్ పైనుంచి కిందిదాకా, పెదాలు కదుపుతూ, చదవడం మొదలుపెట్టింది. ఆమె రెండోది కూడా చదివేదాకా వరుసలో ఎవరూ కదల్లేదు.